డిప్పు కొట్టినాంక

మా అంగడికి టీవీ కొనేదానికి వచ్చేవాళ్లెవరూ చీకటి చూపించమని అడగరు. పదకొండేళ్లుగా మదనపల్లెలో టీవీలు, మానిటర్లు అమ్మతాండా, ఒక్కరంటే ఒక్కరు అడగలా. అందరికీ వెలుతురే కావాల. గోడ నిండా వరసగా పెట్టిన తెరల్లో యాది కళ్లు జిగేల్‌మనిపిస్తే దాని ముందర నిలబడిపోతారు. "ఇది బో బాగుండాదప్పా, ఇదే కట్టియ్యి" అంటారు. మార్కెట్ యార్డులో టమోటా పెట్టెకు పై వరస చూసి బేరం చేసేవాళ్లు గదా, టీవీ కాడికి వచ్చినా పై వరసే చూస్తారు.

నాకు కోపమొస్తుంది. అమ్ముడు పోతాండాది గదా, నువ్వు గమ్మునుండు అంటాడు మా ఓనరు. ఉండలేను. ముఖ్యంగా గేములాడే పిల్లకాయలు వచ్చినప్పుడు అసలుండలేను. "వెలుతురు కాదప్పా, చీకటి చూడు. ఆటలో చచ్చేదంతా చీకట్లోనే" అని పట్టుకుంటా. మామూలు ఎల్ఈడీ తెరకు వెనకాల ఒక లైటు ఎప్పుడూ వెలుగుతానే ఉంటుంది. నలుపు చూపించాలంటే ఆ లైటుకు ముందర తెర అడ్డం పెట్టుకోవాల్సిందే. ఎంత అడ్డం పెట్టినా సందుల్లోంచి కారుతుంది, అందుకే దాంట్లో నలుపు బూడిదరంగులో ఉంటుంది. దాంట్లోనే ఐపీఎస్ అని ఒక రకం, వీఏ అని ఒక రకం. ఐపీఎస్‌లో రంగులు బాగుంటాయి గానీ చీకటి పల్చన. వీఏలో చీకటి చిక్కన గానీ, చీకట్లో ఏదన్నా కదిలితే దాని వెనకాల నీడ ఈడ్చుకుంటా వస్తుంది. ఓఎల్ఈడీ ఈ రెండూ కాదు. దాంట్లో వెనక లైటే లేదు. ఒక్కో చుక్కా తన వెలుగు తానే వెలుగుతుంది, వద్దంటే ఆరిపోతుంది. ఆరిన చోట ఏమీ ఉండదు.

ఈ మాటలు వేలసార్లు చెప్పుంటా. పిల్లకాయలు తలకాయ ఊపి, తక్కువలో యాది వస్తే అది కట్టించుకుని పోతారు. ఇన్నేళ్లలో నా మాట పూర్తిగా విని, "అయితే ఆ నల్లది తీసుకురా, చీకటి ఎంతుంటుందో చూడాల" అన్నవాడు ఒక్కడే ఉండాడు. మా నాయన.

మా నాయన బస్సు డ్రైవరు. గవర్నమెంటు బస్సు కాదు, ప్రైవేటు సర్వీసు. మద్యాన్నం మదనపల్లెలో ఎత్తితే పుంగనూరు, పలమనేరు, వి.కోట, రామకుప్పం మీదుగా కుప్పం పోయేది. మా ఇల్లు పుంగనూరులో. సాయంత్రం కాకముందే ఇంటి ముందర హారన్ కొట్టుకుంటా పోయేవాడు, మా అమ్మ వాకిట్లోకి వచ్చి చెయ్యి ఊపేది. ఆ హారన్ మాకు గడియారం.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా రామకుప్పం దాటినాంక ఒక మలుపులో ఆ బస్సు కింద ఒక మనిషి పడినాడు. ఒక పక్క అడివి, ఒక పక్క రాగి చేలు ఉండే తావు అది. పొద్దుగూకి గంటయ్యింది. ఎదురుగా టమోటా లోడు లారీ ఫుల్లు లైటు వేసుకోని వస్తాంటే మా నాయన డిప్పు కొట్టినాడు. డిప్పు కొట్టడమంటే ఎదుటి డ్రైవరు కళ్లల్లో పడకుండా మన లైటు కిందికి దించడం. డ్రైవర్ల మర్యాద అది. లారీ దాటిపోయింది. దాటినాంక ఉండే ఆ చీకట్లో రోడ్డు మీద మనిషి ఉండాడు. మా నాయనకు కనపడలా. ఆయప్ప ఆ ఊరి రైతు, నడీడు మనిషి, ఏనుగులు పడతాయని చేనికి కావలి వచ్చినోడు.

ఇదీ కత. పోలీసులకు ఇదే చెప్పినాడు, కోర్టులో ఇదే చెప్పినాడు, మా అమ్మకూ నాకూ ఇదే చెప్పినాడు. కోర్టు తప్పు లేదనింది. బస్సు ఓనరు గూడా మంచోడే, రేపట్నుంచి రా అని మనిషిని పంపించినాడు. మా నాయన పోలా. ఆ తర్వాత మళ్లీ స్టీరింగు పట్టుకోలా. పుంగనూరు బస్టాండులో టైము చెప్పి బస్సులు కదిలించే పనిలో చేరి, రిటైరయ్యేదాకా ఊరోళ్లందరినీ ఎక్కించి పంపించినాడే గానీ తాను మాత్రం ఎప్పుడన్నా బస్సు ఎక్కితే ఆఖరి సీట్లో కూచ్చునేవాడు. ముందరి అద్దం కనపడకూడదు ఆయనకు.

ఇంట్లో పొద్దుగూకితే చాలు అన్ని లైట్లూ వెయ్యాల. బాత్రూము లైటు గూడా. కరెంటు పోతే మా నాయన మాట మధ్యలో ఆపేసేవాడు. కరెంటు వచ్చేదాకా ఉండాడో లేడో తెలిసేది కాదు, ఊపిరి గూడా వినపడేది కాదు. నేనూ మా అమ్మా ఆ చీకట్లో గోడకు ఆనుకోని కూచ్చోని, ఆయన దగ్గితే బాగుండు అనుకునేవాళ్లం. వచ్చినాంక ఆపిన మాటనే అందుకునేవాడు. మాకు భయమేసేది. భయమని ఎవరితో చెప్పుకుంటాం?

ఇస్కూల్లో నన్ను మనిషిని తొక్కినోడి కొడుకు అనేవాళ్లు. కొట్లాడినా. ఒకడి పన్ను ఊడింది, నా చొక్కా చినిగింది. "మా నాయనకు కనపడలా రా, డిప్పు కొట్టినాడు, చీకటి రా" అని ఎంతమందికి చెప్పినానో నాకే తెలీదు. సాక్షి నేనే అన్నట్టు చెప్పేవాణ్ణి. ఆ మాట మీద నిలబడే నేను పెద్దయ్యినా.

పోయినేడు వానలప్పుడు మా నాయన చేతికి స్టీరింగు మళ్లీ వచ్చింది, నా చేతుల్లోంచే. ముందరి రూములో నా కంప్యూటరు ఉండాది. నాకు తుపాకీల ఆటలు పిచ్చి. పెళ్లయి బిడ్డల్ని ఎత్తాల్సిన వయసులో ఇదేం రోగమని అమ్మ తిడతానే ఉంటుంది. టేబులుకు బిగించే ఆట స్టీరింగు, కాళ్ల కింద పెడల్స్ గూడా ఒకటి అంగట్లో డిస్‌ప్లే పీసు తీసేస్తాంటే తెచ్చుకున్నా. బస్సు నడిపే ఆట ఒకటి వేసుకోని, మన పక్క రోడ్ల మాదిరి ఎవరో తయారు చేసి పెట్టిన మ్యాపు ఎక్కించినా. ముళ్లకంప, చింతచెట్లు, గుంతల రోడ్డు, ప్రైవేటు బస్సుకు వేసే ఎర్ర పసుపు రంగులు, అన్నీ అచ్చంగా ఉండాయి.

సెలవు రోజు మద్యాన్నం ఆడతాంటే మా నాయన కాఫీ గ్లాసుతో వచ్చి వెనకాల నిలబడినాడు.

"రేయ్, ఆ మలుపు అట్లా కోస్తే వెనక చక్రం మోరీలో పడుతుంది."

"ఆట నాయినా ఇది."

"ఆటైతే మోరీ లేదా? లెయ్. లెయ్యిరా, తిక్కలోడా."

నన్ను లేపి కూచ్చున్నాడు. స్టీరింగు పట్టుకోని, "ఇదేందప్పా, సంగటి ముద్దంత ఉండాది" అని నవ్వినాడు. ఇరవై ఏళ్ల పైన తర్వాత మా నాయన చేతులు అట్లా చూసినా. వంటింట్లోంచి అమ్మ గూడా తొంగి చూసి పోయింది.

ఇంగ రోజూ అదే పని. పొద్దున ఇడ్లీ తిని డ్యూటీ ఎక్కేవాడు. ఆట మీద వంద వంకలు పెట్టేవాడు. గేరు శబ్దం తప్పంట, క్లీనరు లేకుండా బస్సేందంట. ముఖ్యంగా ఒకటి మాత్రం రోజూ అడిగేవాడు.

"ఈ ఊర్లో ఎవురూ చెయ్యెత్తరేందప్పా?"

"స్టాపులో నిలబడుకోని ఉంటారు నాయినా. నువ్వు ఆపితే ఎక్కుతారు."

"చెయ్యెత్తకుండా ఎట్లా ఆపేది? మన పక్క నట్టనడి రోడ్డు మీద చెయ్యెత్తినా ఆపాల్సిందే. ఎత్తినోడి మొగం చూసినాంక ఆపకుండా పోయే డ్రైవరు యాడుంటాడు?"

నేను నవ్వేవాణ్ణి. మా నాయన గూడా నవ్వేవాడు.

ఒకరోజు అంగట్లో ఉండగా అమ్మ ఫోను చేసింది. "మీ నాయన తిండి తినలేదురా. ఆ పెట్టె ముందర కూచ్చోని ఏడుస్తాండాడు. బిన్నా రా" అనింది. బస్సు పట్టుకోని పుంగనూరు వచ్చేసరికి నాలుగయ్యింది. మా నాయన స్టీరింగు మీద రెండు చేతులు పెట్టుకోని అట్లే ఉండాడు. ఆట ఆపి పెట్టినాడు. తెర మీద రాత్రి. అడివి రోడ్డు, మలుపు. మలుపు అవతల ఒక మనిషి బొమ్మ నిలబడి ఉండాది, అదొక దీపం లేని స్టాపు.

"ఎదురుగా లారీ వచ్చింది. డిప్పు కొట్టినా" అన్నాడు మా నాయన. "డిప్పులో గూడా కనపడతాండాడప్పా. అంత దూరం నుంచి కనపడతాండాడు. బ్రేకు వేసినా, ఆగింది. బో సులువుగా ఆగింది."

"ఆట నాయినా..."

"ఆ పొద్దు గూడా కనపడేవాడే. నేను చూడలేదంతే. చూసుంటే ఆగేది."

చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉండాది. ఆ రాత్రి మా నాయన అన్నం ముట్టలా, నేనూ ముట్టలా. పండుకోని పైకప్పు చూస్తాంటే ఉన్నట్టుండి గుర్తొచ్చింది. నా తుపాకీల ఆట కోసం ఆ మానిటరులో షాడో బూస్ట్ అనే సెట్టింగు ఫుల్లుగా పెట్టి పెట్టినా. చీకట్లో దాక్కున్న శత్రువు కనపడేదానికి అది నలుపును బలవంతంగా తెలుపు చేస్తుంది. ఉండాల్సిన చీకటిని తీసేస్తుంది. మా నాయనకు ఆ తెర చూపించింది చీకటి కాదు. దొంగ చీకటి.

తెల్లవారగానే చెప్పినా. కూచ్చోబెట్టి, సెట్టింగు తీసి, మళ్లీ వేసి, చూడు నాయినా అని చూపించినా. మా నాయన నా మొగం చూసినాడు, తెర చూడలా.

"నా కోసం మారస్తాండావు గదా" అన్నాడు.

చెప్పుతో కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. పోనీ సెట్టింగు తీసినాంకయినా సరిపోయిందా అంటే అదీ లేదు. అది ఐపీఎస్ తెర. మూలల్లో తెల్లగా పొగ కమ్మినట్టు వెలుగుతుంది, ఆ బూడిద నలుపులో మనిషి బొమ్మ ఇంకా లీలగా కనపడతానే ఉండాది. మా నాయన వేలు పెట్టి చూపించినాడు. "అదో. ఉండాడు."

అప్పుడు పట్టుదల పట్టింది నాకు. ఇన్నేళ్లు ఊరోళ్లకు తెరలు అమ్మినోణ్ణి, మా నాయనకు ఒక నిజమైన చీకటి చూపించలేనా? కోర్టు కొట్టేసిన కేసును ఈ ముష్టి మానిటరు తిరగదోడడమేంది? ఆయన తప్పు లేదని ఆయన కళ్లతోనే చూపించాల. అది ఆయన కోసమే అనుకున్నా. నా కోసం గూడా అని అప్పుడు తెలీదు.

అంగట్లోంచి ఒక వీఏ మానిటరు రెండు రోజులకు అడిగి తెచ్చినా. నలుపు బాగానే ఉండాది. మనిషి బొమ్మ కనపడలా. కానీ బస్సు కదిలినాంక మొదలయ్యింది. రోడ్డు పక్కనుండే ప్రతి మొద్దు, ప్రతి మైలురాయి దాటేటప్పుడు దాని వెనక నల్లగా నీడ సాగతాండాది. మేము దీన్ని స్మియరింగు అంటాం, చీకట్లో చుక్కలు బిన్నా ఆరలేక మిగిలే మరక. మా నాయనకు ఆ మాట తెలీదు. "ఎవురో పరిగెత్తి వస్తాండారు" అన్నాడు. మళ్లీ ఒక మొద్దు. "ఇదో, ఇంకోడు." మూడోదానికి స్టీరింగు వదిలేసి రెండు చేతులతో కళ్లు మూసుకున్నాడు. "అందరూ బస్సు వెనకాల పరిగెత్తతాండారప్పా, ఆపు, ఆపు" అని అరిచినాడు. నేను వైరు పీకేసినా. అమ్మ వచ్చి నన్ను దులిపేసింది. "సచ్చినోడు సచ్చినాడు, ఉండేవాణ్ణి సంపుతావా?"

అమ్మ మాట వినుంటే సరిపోయేది. వినలా.

ఓఎల్ఈడీ సంగతి చెప్తే మా నాయనే "అయితే ఆ నల్లది తీసుకురా, చీకటి ఎంతుంటుందో చూడాల" అన్నాడు. కొన్నా. ఊరికే తెచ్చింది కాదు, నా జీతం మీద కొనింది, ఆ సంగతి వదిలెయ్యండి. అంగట్లో నేనే ఎవరికైనా అది తూకం వేసి చెప్తా. గేములకు దాని చీకటికీ దాని వేగానికీ సాటి లేదు, కదిలిన చోట మరక ఉండదు. కానీ స్పీడు మీటరు మాదిరి కదలకుండా ఉండే బొమ్మ గంటల తరబడి ఉంటే తెర మీద మచ్చ పడుతుంది. ఆ మచ్చ పడకుండా, ఆపినాంక అది తనను తాను తుడుచుకుంటుంది, దానికి గోడ స్విచ్చి వేసే ఉండాల. మా ఇంట్లో అదొక్కటే కుదరదు. ఉరుము వస్తుందని, బిల్లు వస్తుందని, ఏమీ రాకపోయినా, అమ్మ ప్రతి స్విచ్చీ ఆపేస్తుంది. నేను దాని మీద టేపు అంటించి, "ఇది ముట్టొద్దు" అని ఒట్టు వేయించుకున్నా. ఇంకొకటి, ఈ తెర అద్దం మాదిరి మెరుస్తుంది. నలుపు వచ్చినప్పుడల్లా కిటికీ, తలుపు, మన మొగం దాంట్లో కనపడతాయి.

అందుకని మద్యాన్నం రెండు గంటలకు కిటికీలకు దుప్పట్లు కట్టినా. తలుపు సందుకు గోనెసంచి కుక్కినా. "పట్టపగలు ఇదేం కర్మరా, సావింటి మాదిరి" అని గొణుక్కుంటా అమ్మ గడప కాడ కూచ్చునింది. మా నాయన స్నానం చేసి, ఖాకీ చొక్కా కాదు గానీ అట్లాంటి రంగుదే ఒక చొక్కా వేసుకోని వచ్చినాడు. ఆయన ఎందుకు ఆ చొక్కా వేసుకున్నాడని నేను అడగలా.

"మొదట్నుంచీ పోదాం. రామకుప్పం కాడ్నుంచి" అన్నాడు.

ఆటలో ఆ ఊరి పేరు వేరే. నేను సరే అన్నా. బస్సు కదిలింది. నా ఉద్యోగంలో ఎన్ని తెరలు చూసుంటా, అట్లాంటి చీకటి నేనూ చూడలా. హెడ్‌లైటు పడిన కాడికే లోకం. దాని అవతల తెర ఉండాదో లేదో గూడా తెలీదు. రూములో చీకటీ ఆ చీకటీ కలిసిపోయినాయి. లైటు కొంచెం వెనక్కి కొట్టినప్పుడు ఆ నలుపులో మా నాయన మొగం కనపడతాండాది, బస్సు అద్దంలో కనపడినట్టు.

"ఆ పొద్దూ ఇట్లే" అన్నాడు మెల్లగా. "అద్దంలో నా మొగమే కనపడతాండె."

మలుపు వచ్చింది. ఎదురుగా లారీ. తెల్లగా కళ్లు పొడిచినట్టు వెలుతురు. మా నాయన డిప్పు కొట్టినాడు. లారీ దాటింది. దాటినాంక ఏమీ లేదు. ఏమీ అంటే ఏమీ లేదు. నేను తెరకు మూరెడు దూరంలో ముక్కు పెట్టుకోని కూచ్చున్నా, నాకే కనపడలా. స్టాపు కాడుండే మనిషి బొమ్మ బస్సు ముక్కు ముందరికి వచ్చినాంక గానీ కనపడలా. అప్పటికి బ్రేకు వేసినా లాభం లేదు. దాటిపోయినాం.

నేను లేచి నిలబడినా. అరిచినా. "చూసినావా నాయినా! చూసినావా! ఎవరికీ కనపడడు! దేవుడొచ్చి నడిపినా కనపడడు! నేను చెప్పలేదా?" నాకు ఏడుపు వస్తాండాది, నవ్వూ వస్తాండాది. ఇస్కూల్లో నా చేత పన్ను ఊడినోణ్ణి పిలిచి చూపించాలనిపించింది.

మా నాయన బస్సు రోడ్డు పక్కకు ఆపి, ఇంజను ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"వీడు చెయ్యెత్తలేదు గదప్పా" అన్నాడు.

నాకు అర్థం కాలా.

"ఇంత చీకట్లో వీడు కనపడలా. నిజమే. ఇంతే చీకటి ఆ పొద్దు. ఇంత చీకట్లో గూడా ఆయప్ప నాకు కనపడినాడు. చెయ్యెత్తినాడు. చేతిలో తెల్ల టవలు."

"ఎప్పుడు? లారీ దాటినాంకా?"

"లారీ రాకముందే. ఫుల్లు లైట్లో కనపడినాడు, దూరంగా. బస్సు నిండా జనం. లేటయ్యింది. ఆ మలుపులో ఏనుగులు దిగతాయని ఎవురూ ఆపరు, నీకు తెలుసు గదా. ఆపకుండా పోదామనుకున్నా. లారీ వచ్చింది, డిప్పు కొట్టినా. లారీ పోయినాంక మళ్లీ లైటు పైకెత్తాల. ఎత్తలా." చెయ్యి మళ్లీ స్టీరింగు మీద పెట్టి, "లైటు ఎత్తితే మొగం కనపడుతుంది. మొగం కనపడితే ఆపాల. అందుకని డిప్పులోనే పోనిచ్చినా. ఆపడం ఇష్టం లేనప్పుడు మేమంతా అట్లా చేసేదే. చూడలేదేమోలే అనుకుంటాడు గదా నిలబడినోడు."

గడప కాడ అమ్మ లేచి నిలబడిన చప్పుడయ్యింది.

"ఆయప్ప గూడా అట్లే అనుకున్నాడు" అన్నాడు మా నాయన. "నాకు కనపడలేదేమోనని, కనపడేదానికి, ఒకడుగు ముందుకేసినాడు."

ఆ నలుపులో మా నాయన మొగం, దాని వెనక నా మొగం కనపడతాండాయి. నేను తల తిప్పుకున్నా. అమ్మ లోపలికి వచ్చి గోడ కాడికి పోయి, నేనంటించిన టేపు పీకి, స్విచ్చి ఆపేసింది. తెర ఆరిపోయింది. ఆరినాంక గూడా రూములో చీకటి అంతే ఉండాది, రవ్వంత గూడా పెరగలా.

ఆ తర్వాత వారం రోజులు నేను మా నాయనతో మాట్లాడలా. దాచి ఏం లాభం, నాకు కోపమొచ్చింది. ఆయన మీదనా, ఆ తెర మీదనా, చొక్కా చించుకోని కొట్లాడిన ఆ పిల్లోడి మీదనా, తెలీదు. ఐపీఎస్‌లో కనపడింది అబద్ధం. ఓఎల్ఈడీలో కనపడనిది నిజం. ఆ నిజమే ఆయన్ను పట్టిచ్చింది. ఇంత మంచి చీకటి ఇంటికి తెచ్చింది నేనే గదా. అంగట్లో ఎవరైనా ఓఎల్ఈడీ గురించి అడిగితే నా నోరు లేచేది కాదు, మా ఓనరు బాగా సంతోషపడినాడు.

అమ్మ మాత్రం మామూలుగానే సంగటి కెలికి, ఊరుబిండి నూరి, మా నాయన కంచంలో వేసేది. ఆమెకు ముందే తెలుసునేమో. నేను అడగలా, ఆమె చెప్పలా.

ఎనిమిదో రోజు అంగట్లోంచి వచ్చేసరికి ముందరి రూములోంచి ఇంజను శబ్దం వినపడింది. కిటికీకి దుప్పటి మళ్లీ కట్టుండాది, ఈ తూరి ఆయనే కట్టుకున్నాడు. తెర మీద రాత్రి, అదే అడివి రోడ్డు. నేను వెనకాల నిలబడినా. మలుపు ఇంకా చాలా దూరం ఉండాది. స్టాపు లేదు, ఊరు లేదు, రోడ్డు పక్కన ముళ్లకంప తప్ప ఏమీ లేదు. మా నాయన బస్సు మెల్లగా పక్కకు తీసి ఆపినాడు. లైటు పైకెత్తినాడు. బటను నొక్కి తలుపు తీసినాడు. చీకట్లోకి తలుపు తెరుచుకుంది. ఎవురూ ఎక్కలా. లెక్కకు ఒక నిమిషం చూసి, తలుపు మూసి, కదిలించినాడు. పర్లాంగు దూరం పోయి మళ్లీ ఆపినాడు. మళ్లీ తలుపు తీసినాడు. స్టాపు లేని చోట ఆపినందుకు తెర పైన ఎర్రగా పాయింట్లు తగ్గతాండాయి.

ఉండబట్టలేక నేనే నోరు తెరిచినా. "ఎవురూ లేరు గదా నాయినా ఈడ."

మా నాయన వెనక్కి తిరగలా. తలుపు వైపే చూస్తాండాడు.

"ఇంత చీకట్లో ఉండారో లేరో మనకేం తెలుస్తుందప్పా" అన్నాడు. "ఆపి చూడాల గదా."